ఇల్లెవరి పేరు మీద?

పోయిన వారం ఛాయాదేవిగారి చేతిలో మైకు, కౌసల్యమ్మ చేతిలో హౌసీ సంచి పెట్టేసి మనం హాయిగా ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం, ఆ ఇద్దరూ వారంగా స్ఫూర్తినగర్ కాలనీ హాల్లో అలాగే నిలబడి ఉన్నారు. ఇంకా నిలబెడితే పాపం తగులుతుంది, పదండి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళేదారిలో ఈ కాలనీ. అసోసియేషన్‌కి ఎన్నో ఏళ్ళుగా చిదంబరంగారే అధ్యక్షుడు. ఆదివారం ఉదయం సర్వసభ్య సమావేశానికి ఆయన తెచ్చిన తీర్మానం ఒకటే. ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళకు ఇకమీదట ఇక్కడ ఇళ్ళు అద్దెకివ్వకూడదు, ఉన్నవాళ్ళు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. వేళ కాని వేళ గేటు తీయమంటారట, బండ్ల చప్పుడుకి నిద్ర చెడుతోందట.

ఈ తీర్మానం నెగ్గితే మన హిమజ పని అయిపోయినట్టే. నాచారం మందుల కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం. రాత్రి షిఫ్టయినా కాలనీ వెనక గేటు నుంచి నడిచి వెళ్ళి నడిచి వస్తుంది. చుట్టుపక్కల కాలనీలు రెండు ఇప్పటికే ఇల్లు లేదు పొమ్మన్నాయి. దూరంగా ఇల్లు తీసుకుంటే ఆ వేళప్పుడు బస్సు ఉండదు. అంచేత ఇల్లు పోతే ఉద్యోగం కూడా పోయినట్టే. పైగా అద్దెకుండేవాళ్ళకు ఈ సభలో నోరెత్తే హక్కు లేదు. గుమ్మం దగ్గర నిలబడి వినడం వరకే.

అందుకే, హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన ఛాయాదేవిగారు పోయిన వారం అడ్డం తిరిగారు. తీర్మానం తెచ్చినవారే సభ నడపడమేమిటన్నారు. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఏథెన్స్‌లో సభ నడిపే మనిషిని ఆ ఒక్క రోజుకి చీటీ వేసి తీసేవారని, రాళ్ళు చెక్కేవాడి కొడుక్కైనా సరే ఆ కుర్చీ దక్కేదని, చట్టానికి ఎదురుపోయే తీర్మానమైతే ఓటుకు పెట్టనని చెప్పే దమ్ము ఆ కుర్చీకి ఉండేదని చెప్పారు. జనానికి సరదా పుట్టింది. చీటీలు రాసే ఓపిక ఎవరికుంది? కౌసల్యమ్మ ఇంటికి పరిగెత్తి, హౌసీ ఆటలో అంకెలు తీసే బిళ్ళల సంచి పట్టుకొచ్చింది. ఏ బిళ్ళ మీద ఏ అంకె ఉంటే ఆ నంబరు ఇల్లన్నమాట.

చిదంబరంగారు నవ్వుతూ ఒప్పేసుకుని, మైకులో నియమం కూడా తనే చెప్పారు. "ఏ నంబరు వస్తే ఆ ఇంట్లో ఉండేవాళ్ళు ఎవరైనా సరే, వచ్చి కూర్చోండి!" సగంమంది మగవాళ్ళు చికెన్ షాపు దగ్గరో, దుప్పట్లోనో ఉండిపోయారు కదా. వాళ్ళ బదులు భార్య వచ్చినా, కొడుకు వచ్చినా తన మనుషులేనని ఆయన ధైర్యం. ఆ ఒక్క మాటే తన కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు?

కౌసల్యమ్మ సంచిని గలగలలాడించింది. కాలనీ ఆడవాళ్ళకు హౌసీ ఆడించే చెయ్యి అది, దానికి సభలు సమావేశాలు ఒక లెక్కా!

"సూడుండ్రి, కండ్లు మూసుకున్న. తర్వాత నన్ననొద్దు" అని, మొహం పక్కకి తిప్పి ఒక బిళ్ళ తీసింది. "ఒకటీ రెండు, పన్నెండు!"

"ఆళ్ళు తిరుపతి పోయిన్రు" అన్నాడు వెనక నుంచి మొగిలయ్య. కౌసల్యమ్మ భర్త, కాలనీలో ఎవరెక్కడికి పోయారో అన్నీ ఆయనకే కావాలి.

"పోతే పోనీ, ఇంకోటి తీస్త." మళ్ళీ గలగల. ముందు వరసలో ఉన్నవాళ్ళు కుర్చీ అంచులకి జరిగారు. అదేమిటో, ఎవరికీ అక్కర్లేని కుర్చీయే కానీ, తమ నంబరు రాకపోతుందా అని ప్రతివాళ్ళ గుండే కొట్టుకుంటోంది.

"నాలుగూ ఒకటి, నలభై ఒకటి!"

"అది విజయభాస్కర్ ఇల్లు కదూ? వాళ్ళు ఘట్‌కేసర్‌లో కొత్తిల్లు కట్టుకుని వెళ్ళిపోయారు" అని చిదంబరంగారు చెయ్యి ఊపారు. "ఎవరూ లేరు. ఇంకోటి తియ్యమ్మా."

"ఉన్నం సార్."

ఆ మాట గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. హిమజ! రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఇటే వచ్చింది, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు కూడా తీయలేదు. పక్కన ఆమె తమ్ముడు రంజిత్ చున్నీ కొస పట్టుకుని లాగుతున్నాడు. "ఎందుకక్కా మనకు, ఊకో" అంటున్నాడు గుసగుసగా. వాడూ నాచారంలోనే ఇంజనీరింగ్ యూనిట్లో పనిచేస్తాడు.

"నువ్వా?" అన్నారు చిదంబరంగారు. "నువ్వెలా కూర్చుంటావమ్మా? అద్దెకుండేదానివి!"

"ఆ ఇంట్ల ఉండేది నేనే కద సార్. మీరు చెప్పింది గదే కద."

"నేనెప్పుడన్నాను?"

రెండో వరసలోంచి వంశీకృష్ణ ఫోను పైకెత్తాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, పెళ్ళిళ్ళనీ సభలనీ తేడా లేకుండా అన్నీ వీడియో తీస్తాడు. "అంకుల్, మీ మాట మొత్తం ఇందులో ఉంది. పెట్టమంటారా?"

"అక్కర్లేదు!"

గుమ్మం దగ్గర అద్దెవాళ్ళు చప్పట్లు కొట్టారు. లోపల కూడా కొందరు కొట్టారు, పక్కవాళ్ళు చూస్తున్నారని ఆపేశారు. హిమజ కుర్చీల మధ్య నుంచి నడిచి ముందుకి వచ్చింది. నాకైతే ఆ పిల్లని చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో ఆ హాల్లో అద్దెకుండే మనిషి ఒక్కరైనా మొదటి వరస దాటి వచ్చిన పాపాన పోలేదు.

కుర్చీ దగ్గరికి రాగానే చిదంబరంగారు దాని వీపు మీద చెయ్యి వేశారు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, దాని మీదొక తువ్వాలు. అయినా కుర్చీ కుర్చీయే కదండీ.

"ఆగమ్మా. ఛాయాదేవిగారిని రెండు ప్రశ్నలు అడగనీ" అన్నారాయన, గొంతులో తేనె పోసుకుని. "ఏమండీ మేడమ్‌గారూ, జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక మీరు ఏథెన్స్ మీద ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. నేను నిద్రపోతున్నాననుకున్నారంతా. కళ్ళు మూసుకుని విన్నానంతే. ఆ ఊళ్ళో బయట నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఉండేవారా?"

"వేలమంది ఉండేవారు."

"పన్నులు కట్టేవారా?"

"కట్టేవారు. యుద్ధమొస్తే కత్తి పట్టుకుని వెళ్ళేవారు కూడా."

"మరి వాళ్ళకి సభలో ఓటుండేదా?"

ఛాయాదేవిగారి ముఖం పాలిపోయింది. చరిత్ర చెప్పేవాళ్ళకి ఇదొక్కటే చిక్కు. అబద్ధం చెప్పి బయటపడదామంటే నోరు రాదు.

"లేదు" అన్నారు.

"తాతల కాలం నుంచి అక్కడే పుట్టి పెరిగినా?"

"పెరిగినా లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ ఊరి పౌరులైతేనే బిడ్డ పౌరుడు." అక్కడితో ఆగితే ఆవిడ లెక్చరరెలా అవుతుంది? పాఠం సగంలో వదలడం చేతకాక, "బానిసలకీ లేదు, ఆడవాళ్ళకీ లేదు" అని కూడా కలిపేశారు.

"ఏందీ?" కౌసల్యమ్మ సంచి నడుం మీద పెట్టుకుంది. "ఆడోళ్ళకు లేదా? గట్లయితే నేను గీ సంచి పట్టుకొని పొద్దటిసంది ఎందుకు నిలబడ్డ మేడం?"

హాలంతా గొల్లుమంది. ఛాయాదేవిగారు నవ్వలేదు. "అదేనమ్మా ఆ ఊరి తప్పు. కుర్చీ అందరిదీ అన్నారు, అందరూ అంటే ఎవరో మాత్రం కొందరే కూర్చుని తేల్చుకున్నారు. వాళ్ళ గొప్ప తీసుకుందాం, ఆ తప్పు మనకెందుకని..."

"గ్రీసు గొడవ గ్రీసుకే ఉండనివ్వండి" అని చిదంబరంగారు మైకు లాక్కున్నారు. "ఇక్కడ మాత్రం ఒకటే మాట! రిజిస్ట్రేషన్ కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ళదే ఇల్లు, వాళ్ళదే ఓటు, వాళ్ళదే కుర్చీ. మిగిలినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి వినొచ్చు, ఎవరూ కాదనరు. ఏమంటారు?"

ముందు వరసల మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా హిమజ అలాగే నిలబడింది. గుమ్మం వైపు చూసింది. రంజిత్ తల దించుకుని ఉన్నాడు. ఈ పూట నోరు మూసుకుని వెనక్కి వెళ్తే నెలాఖరుకి సామాను సర్దుకోవాలి. ఆ పిల్ల మనసులో ఏం తిరిగిందో కానీ, ముఖం మీదికి ఎక్కడ లేని తెగింపూ వచ్చేసింది.

"సరే సార్, నేను దిగుత. గని రూలు అందరికి ఒక్కటే ఉండాలె కద? మా ఇంటి ఓనరు విజయభాస్కర్ సార్ గాదు. సుష్మ మేడం. ఇల్లు ఆమె పేరు మీదనే ఉన్నది. మొన్న మీటింగుకు సార్ వచ్చిండు, చెయ్యెత్తిండు, మీరు లెక్కవెట్టిన్రు. ఈసారి వస్తే ఆయన్ను గూడ తీస్కపోయి మా పక్కన నిలబెడ్తరా?"

చిదంబరంగారు నోరు తెరిచారు. ఆయనకంటే ముందు కౌసల్యమ్మ అందుకుంది.

"ఆగాగు! మా ఇల్లు గూడ నా పేరు మీదనే ఉన్నది కద! అప్పట్ల మా ఆయనకు లోన్ రాలే, నాకు వచ్చింది." ఆమె కళ్ళు ఇంతింతయ్యాయి. "అంటే గిన్నేండ్ల సంది మా ఆయన ఎత్తిన చెయ్యి నాదా?"

"నీదే, నీదే!" అన్నాడు మొగిలయ్య రెండు చేతులూ ఎత్తి.

ఇక చూడండి! నాలుగో వరసలో ఒకావిడ లేచి, మా ఇల్లూ నా పేరే, జ్యోతిష్యుడు ఆయన పేరు కలిసి రాదన్నాడంది. ఇంకొకావిడ, స్థలం మా నాన్న కొన్నాడు కనుక నా పేరు మీదే రాయించాడంది. జనార్ధనరావుగారి భార్య లేచి, మాది కూడా నా పేరే అంది. ఆయనది ప్రభుత్వోద్యోగం, ఎందుకలా రాయించాడని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక్కొక్కరూ లేస్తుంటే హాలు తిరణాల అయిపోయింది. భర్తలు భార్యల వైపు చూస్తున్నారు, పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూసి ఉండరు.

"నిశ్శబ్దం! నిశ్శబ్దం!" చిదంబరంగారు బల్ల చరిచారు. "ఇవన్నీ సాంకేతిక విషయాలు!"

"కాదండీ" అన్నారు ఛాయాదేవిగారు. ఇందాక పాలిపోయిన ముఖం ఇప్పుడు ధగధగలాడుతోంది. "దారులు రెండే. ఇంట్లో ఉండేవాళ్ళదే కాలనీ అంటారా, హిమజ కుర్చీలో కూర్చుంటుంది, గుమ్మం దగ్గరున్న వాళ్ళంతా లోపలికొచ్చి ఓటేస్తారు. కాగితంలో ఉన్నవాళ్ళదే అంటారా, ఆ పిల్ల దిగిపోతుంది, మీ మగవాళ్ళు చాలామంది వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడతారు. ఏదో ఒకటి తేల్చండి, చిదంబరంగారూ. మీ నోటితోనే."

ఆయన తెలివితక్కువవాడేం కాదు. చూపు మూడో వరసకి వెళ్ళింది. అక్కడ ఆయన భార్య బిందుమాధవి ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళ సమావేశాల్లో టీలు, బిస్కెట్లు చూసుకోవడమే తప్ప ఒక్కనాడు పెదవి విప్పిన మనిషి కాదు. ఆవిణ్ణి చూశాక ఆయన భుజాలు నిటారుగా లేచాయి.

"కాగితమే!" అన్నారు. "మా ఇల్లూ మా ఆవిడ పేరు మీదే ఉంది, నాకేం నామోషీ? ఎవరి చెయ్యి లేస్తేనేం, మా ఇళ్ళలో మాట ఒకటే. పదండయ్యా, వెళ్ళి నిలబడదాం. రెండు నిమిషాల పని!"

కాగితంలో పేరు లేని మగవాళ్ళు లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. జనార్ధనరావుగారు పేపరు చంకలో పెట్టుకుని, ఇదేం ఖర్మ అన్నట్టు నడిచారు. మొగిలయ్య ఒక్కడే హుషారుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి రంజిత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"జర జరుగు తమ్మీ. నేను గూడ మీవోణ్ణే అయిన."

హిమజ కూడా వెనక్కి నడిచి వచ్చింది. కుర్చీ దాకా వెళ్ళి, కూర్చోకుండానే తిరిగి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ చెయ్యి పెట్టి తుడుచుకోలేదు, ఎవరైనా చూస్తారని.

చిదంబరంగారు గుమ్మం దగ్గర్నుంచే గొంతెత్తారు. "ఛాయాదేవిగారూ, మీ ఇల్లు మీ పేరు మీదే కదా? చీటీల కథ మీరే మొదలుపెట్టారు, ఆ తీర్మానం కూడా మీరే ఓటుకు పెట్టండి."

ఎంత కసి చూశారా! ఆవిడ చేత్తోనే ఆ పిల్ల గొంతు నొక్కించడం.

"పెట్టకున్రి మేడం!" అంది కౌసల్యమ్మ. "పెట్టననే దమ్ము కుర్చీకి ఉంటదని మీరే చెప్తిరి కద!"

ఛాయాదేవిగారు మైకు పట్టుకుని తటపటాయించారు. గుమ్మం దగ్గర్నుంచి హిమజే అంది, "పెట్టండి మేడం. ఇయ్యాల ఆపితే వచ్చే ఆదివారం మళ్ల తెస్తరు. ఏదైనా ఇప్పుడే తేలిపోనీ."

ఆవిడ తీర్మానం చదివారు. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

గుమ్మం దగ్గర మగవాళ్ళు కనుబొమలతో, గడ్డాలతో, చేతివేళ్ళతో సైగలు మొదలుపెట్టారు. జనార్ధనరావుగారైతే చుట్టిన పేపరు పైకెత్తి ఊపుతున్నారు. ఒక చెయ్యి లేచింది. పక్కదాన్ని చూసి ఇంకొకటి. మెల్లమెల్లగా ఒక వరస, దాని వెనక ఇంకో వరస. కౌసల్యమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గుడ్లురుముతోంది. హిమజ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. లేచిన చేతులు సగానికి అటో ఇటో ఉన్నాయి, ఒక్కటి మొగ్గితే చాలు.

మూడో వరసలో బిందుమాధవి చెయ్యి లేవలేదు.

"బిందూ!" అన్నారు చిదంబరంగారు. "ఎత్తు."

ఆవిడ చెయ్యి ఎత్తలేదు. మనిషే లేచింది. హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి, చీర కొంగు సర్దుకుని, నేరుగా మైకు దగ్గరికి నడిచింది. ఛాయాదేవిగారు తెల్లబోయి మైకు ఇచ్చేశారు. బిందుమాధవి దాన్ని వేలితో రెండుసార్లు తట్టి, అచ్చం వాళ్ళాయన లాగే "హలో, హలో" అంది. ఎవరికో నవ్వొచ్చి, అణుచుకున్నారు.

"ఎత్తమంటున్నారు. ఎందుకెత్తాలో ఇంట్లో ఒక్కసారైనా చెప్పారా అండీ?"

"ఇప్పుడా ఇవన్నీ?"

"ఇప్పుడే కదండీ నాకు మాట వచ్చింది. మీరే ఇచ్చారు, అందరి ముందూ." ఆవిడ మైకుని రెండు చేతులా పట్టుకుంది. "మనం ఈ ఊరొచ్చిన కొత్తల్లో మీకూ షిఫ్టు డ్యూటీయే. రామంతాపూర్‌లో మనం అద్దెకున్న ఇంట్లో, మీరు ఏ వేళకొచ్చినా గేటు తీసింది ఆ ఇంటి పెద్దావిడ. ఒక్కనాడు విసుక్కోలేదు. మీరు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు."

చిదంబరంగారి ముఖం కందగడ్డ అయిపోయింది. ఎత్తిన చేతులు కొన్ని గాల్లోనే ఉన్నాయి, దించాలో ఉంచాలో వాటికీ తెలియలేదు.

"కాగితంలో పేరున్నవాళ్ళదే ఇల్లన్నారు. చాలా సంతోషం. ఓనరుగా చెప్తున్నాను. మా మేడ మీద పోర్షన్ ఖాళీ చేయిస్తున్నాను. హిమజా, ఈ తీర్మానం నెగ్గనీ, ఓడనీ. ఒకటో తారీఖు నుంచి అది నీకూ, మీ తమ్ముడికీ. వేళ కాని వేళ వస్తే గేటు నేనే తీస్తాను."

మేడ మీద పోర్షనంటే ఏమనుకున్నారు? అదే అసోసియేషన్ ఆఫీసు! చిదంబరంగారి పడకకుర్చీ, ఆయనకి కప్పిన శాలువాలు, ఆయన ఫొటో ఉన్న ఫ్లెక్సీలు అన్నీ అక్కడే ఉన్నాయి. కౌసల్యమ్మ సంచి వదిలేసి చప్పట్లు కొట్టింది, బిళ్ళలన్నీ నేల మీద చెల్లాచెదరయ్యాయి. హిమజ తమ్ముణ్ణి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చేసింది.

చిదంబరంగారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చారు. ఒళ్ళంతా ఊగిపోతోంది.

"ఆ పిల్ల ఆ మెట్లెక్కిందంటే నేను ఆ ఇంట్లో ఉండను! ఇంతమంది ముందు చెప్తున్నా. ఆ ఇంట్లో తనుంటుందో, నేనుంటానో, ఇప్పుడే తేల్చు!"

బిందుమాధవి భర్త వైపు చూసింది, హిమజ వైపు చూసింది, మైకుని కాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఓనరుగానే చెప్పమంటారా అండీ?" అని అడిగింది.